ఆ రోజు మీరు చూసింది

మూడో అంతస్తు, మా ఇల్లు
మార్చి 3

వదినకి,

ఫోన్ చేస్తే మీరు ఎత్తడం లేదని కాదు ఈ ఉత్తరం. ఎత్తినా మీ తమ్ముడు పక్కనే ఉంటాడు, తన ముందు అడగలేను. రాస్తే కనీసం మధ్యలో ఎవరూ మాట అందుకోరు.

గువ్వకి నాలుగున్నర నిండాయి. మీరు చూసి రెండున్నరేళ్లయింది కాబట్టి చెబుతున్నాను. సన్నగా, పొడుగ్గా అయింది. జుట్టు భుజాలు దాటింది. దువ్వనివ్వదు, దువ్వెన కనబడితే మంచం కిందికి దూరుతుంది.

పోయిన శుక్రవారం స్కూల్లో ఒక కాగితం ఇచ్చారు. టీచరమ్మ మంచిదే. "తప్పుగా అనుకోకండి" అని మూడుసార్లు అంది, నేను మూడుసార్లూ తప్పుగానే అనుకున్నాను. అందులో ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. రంగు పెన్సిలు పిడికిలితో పట్టుకుంటుంది, కాగితం చిరిగేదాకా నొక్కుతుంది. కుర్చీలో కూర్చున్నది కూర్చున్నట్టే పక్కకి జారి పడుతుంది. బెల్లు మోగితే చెవులు మూసుకుని కేకలు పెడుతుంది. చెయ్యి పట్టుకోకపోతే మెట్లు దిగదు. పిల్లలు తాకితే కొడుతుంది. ఎవరికైనా చూపించి కాగితం తెస్తే గానీ వచ్చే ఏడు ఉంచుకోలేమని చివర్లో ఉంది.

లాండ్రీలో రోజంతా బట్టలకి నంబరు చీటీలు కుట్టేదాన్ని నేను. ఇంటికొచ్చి కత్తెర పట్టుకుని నా కూతురి గౌన్లకి మెడ వెనక చీటీలన్నీ కత్తిరిస్తాను. ఒక్క పోగు మిగిలినా ఒంటి మీద నిప్పు పడ్డట్టు ఏడుస్తుంది. ఇదంతా మొండితనం అనుకున్నాను వదినా. రెండు మూడుసార్లు చెయ్యి కూడా చేసుకున్నాను.

మీ తమ్ముడిది ఒకటే పాట. "పెద్దయితే అదే సర్దుకుంటుంది." ఊళ్లో లిఫ్టులన్నీ బాగుచేసే మనిషి, లిఫ్టు లేని ఇంట్లో పిల్లని చంకనేసుకుని మూడంతస్తులు ఎక్కుతాడు, దిగుతాడు. అదేమంటే "నాకిది వ్యాయామం" అంటాడు.

పిల్లలకి ఇలాంటివి నేర్పడమే మీ ఉద్యోగమని తెలుసు. సరిగ్గా ఏం చేస్తారో ఎప్పుడూ అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను. ఇదేంటి? దీనికి ఎవరి దగ్గరికి వెళ్లాలి?

ఏడుపు రావడం లేదు. రావాలేమో. ఆ కాగితం ఫ్రిజ్ మీద పెట్టి వంట చేశాను, తిన్నాం, గిన్నెలు తోమాను.

మీ మరదలు

*

సెంటర్, రెండో గది
మార్చి 11

మరదలికి,

నీ ఉత్తరం అందింది. ముందు నువ్వడిగినదానికి జవాబు.

మా పనిని ఆక్యుపేషనల్ థెరపీ అంటారు. ఆ పేరు చూసి ఉద్యోగాలిప్పించే ఆఫీసనుకుని లోపలికొచ్చినవాళ్లున్నారు. ఒకాయన తన సర్టిఫికెట్లు కూడా తెచ్చుకున్నాడు. చిన్నపిల్లలకి ఉద్యోగం అంటే ఆడుకోవడం, తినడం, బట్టలు తొడుక్కోవడం, రాయడం. ఆ పనులకి చెయ్యీ, కన్నూ, ఒళ్లూ కలిసి రాకపోతే కలిసొచ్చేలా చూడడం మా వంతు. చూసేవాళ్లకి ఆటలాగే ఉంటుంది. నేల మీద పరుపులు, పైనుంచి వేలాడే బల్ల ఊయల, పెద్ద బంతులు, పప్పుగింజలు నింపిన తొట్టి.

గువ్వ సంగతి చూడకుండా చెప్పలేను. కింద రాసినవి గమనించి పెట్టుకో. నేల మీద కూర్చున్నప్పుడు కాళ్లు ఎటు పెడుతుంది? మునివేళ్ల మీద నడుస్తుందా? తినేటప్పుడు మెత్తనివి వద్దంటుందా, గట్టివి వద్దంటుందా? కుడి పక్కనున్న వస్తువుని ఎడమ చేత్తో అందుకుంటుందా, లేక ఒళ్లంతా తిప్పుతుందా? పడబోతే చెయ్యి నేలకి ఆనిస్తుందా?

మొండితనం కాదు. చర్మానికీ చెవికీ అందేది మనకి అందినట్టు అందకపోతే పిల్లలు అలాగే తప్పించుకుంటారు. కొట్టినందుకు నిన్ను నువ్వు తిట్టుకోకు, ఇకమీదట కొట్టకు.

మీ ఊళ్లో పెద్దాసుపత్రి వెనక వీధిలో పిల్లల సెంటర్ ఒకటుంది. చిరునామా వేరే కాగితం మీద రాశాను. సొంతవాళ్లని సొంతవాళ్లు చూడకూడదని మా వృత్తిలో ఒక పద్ధతి, అందుకే నేను రాను. అక్కడివాళ్లు బాగా చేస్తారు.

ఈ రోజు ఏడుగురిని చూశాను. ఎనిమిదో కుటుంబం రాలేదు, ఆ ఖాళీలో ఇది రాస్తున్నాను. ఇదివరకు ఇంటికెళ్లేసరికి పిల్లల పేర్లన్నీ నోట్లో ఆడుతుండేవి. పదిహేడేళ్లయింది కదా, ఇప్పుడు సబ్బు పెట్టి చేతులు కడుక్కుంటే అన్నీ దాంతోపాటే పోతాయి. సౌకర్యంగానే ఉంది.

వదిన

*

పిల్లల సెంటర్, బయటి బెంచీ
ఏప్రిల్ 14

వదినకి,

ఇది నాలుగో వారం. లోపల గువ్వ ఉంది, బయట నేనున్నాను. మీరడిగినవన్నీ గమనించి ఇక్కడి అమ్మాయికి రాసిచ్చాను. చదివి "ఈ ప్రశ్నలు ఎవరిచ్చారు?" అంది. మా ఆడపడుచు అన్నాను. "మంచి ప్రశ్నలు" అంది. అంతే. చిన్నపిల్ల, పాతికేళ్లుంటాయేమో, నవ్వదు. మనసులో దానికి నవ్వని అమ్మాయి అని పేరు పెట్టుకున్నాను.

మొదటి రోజు గువ్వ లోపలికి వెళ్లగానే బల్ల కిందికి దూరింది. నలభై నిమిషాలు. నేను "బయటికి రా తల్లీ, అక్క ఏమనుకుంటుంది" అని బతిమాలుతున్నాను. ఆ అమ్మాయి "మీరు కూర్చోండి అమ్మా" అని, తనూ బల్ల కిందికి దూరి పక్కన కూర్చుంది. కాసేపటికి ఒక గుడ్డ తెచ్చి బల్లకి తెరలా వేసింది. ఇద్దరూ చీకట్లో కూర్చున్నారు. నా కూతురు ఇన్నాళ్లుగా మంచం కిందికి దూరుతుంటే నేను కాలు పట్టి లాగడమే గానీ, ఒక్కసారి కూడా కిందికి వెళ్లి కూర్చోలేదు. అది చూసి అసూయ పుట్టిందో సిగ్గేసిందో తెలియలేదు. ఏదో ఒకటి తెలిస్తే బాగుండేది.

రెండోసారి పరీక్షలన్నీ చేసింది. మూడుసార్లు బంతి దొర్లించింది, ఒకసారి ఎదురుగా, ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకి. తర్వాత గువ్వ అరచెయ్యి తిప్పి బొటనవేలితో నొక్కి మొహంలోకి చూసింది. తర్వాత ముక్కాలిపీట మీద కూర్చోబెట్టి మెల్లగా ఆ పక్కకీ ఈ పక్కకీ వంచింది. చివరికి చంకల కింద చేతులేసి పైకెత్తింది.

"ఎప్పట్నించీ ఇలా ఉంది?" అని అడిగింది. స్కూల్లో చేరాక అన్నాను. "చిన్నప్పటి వీడియోలుంటే చూసుకురండి" అంది.

రెండో పుట్టినరోజు వీడియో చూశాను వదినా. కేకు అయిపోయాక మీరూ గువ్వా గోడ పక్కన ఉన్నారు, మీ తమ్ముడు తీస్తున్నాడు. మీరు మూడుసార్లు బంతి దొర్లించారు. ఎదురుగా, కుడికి, ఎడమకి. తర్వాత దాని అరచెయ్యి తిప్పి నొక్కారు. తర్వాత పీట మీద కూర్చోబెట్టి ఆ పక్కకీ ఈ పక్కకీ వంచారు. చంకల కింద చేతులేసి ఎత్తారు. ఎత్తి కిందికి దించి, కెమెరా వైపు చూసి "ఇక చాలు, ఆపెయ్" అన్నారు.

నాలుగూ, అదే వరసలో. పదకొండుసార్లు చూశాను.

ఆ రోజు మీరేం చూశారు?

మరదలు

*

ఇల్లు
ఏప్రిల్ 26

మరదలికి,

దీంతోపాటు ఒక పార్సిలు పంపుతున్నాను. లావు పిడి ఉన్న చెంచా, చిన్న చేతుల కత్తెర, ఒళ్లో వేసుకునే బరువు గుడ్డ. ఆ గుడ్డలో ఇసుక సంచులున్నాయి, ఉతికేటప్పుడు తీసెయ్. అన్నం తినేటప్పుడు ఒళ్లో వెయ్, ఇరవై నిమిషాలకి మించి ఉంచకు. చెంచా అలవాటయ్యేదాకా సగం నేల పాలవుతుంది, పట్టించుకోకు.

వీడియో సంగతి. మేం ఎక్కడున్నా పిల్లలతో అలాగే ఆడతాం. పెళ్లిళ్లకెళ్లినా అంతే, అలవాటు. ఆ రోజు ఆడుకున్నాం.

పని ఎక్కువగా ఉంది.

వదిన

*

లాండ్రీ, కౌంటరు వెనక
మే 19

వదినగారికి,

పార్సిలు అందింది. చెంచా పనికొచ్చింది. మొన్న నాలుగు ముద్దలు తనే తింది. కత్తెర ఇంకా పట్టుకోవడం లేదు. బరువు గుడ్డ వేస్తే భోజనం అయ్యేదాకా కుర్చీలో కూర్చుంటోంది. వారానికి రెండుసార్లు సెంటర్‌కి తీసుకెళ్తున్నాను, దానికోసం లాండ్రీలో మధ్యాహ్నాలు మానేశాను. మూడు మెట్లు నా చెయ్యి వదిలి దిగింది, నాలుగోది దిగనంది.

వీడియో మీ తమ్ముడికి చూపించాను. సగంలోనే "అక్క ఆడుకుంటోంది, ఇందులో ఏముంది" అని ఫోను నా చేతిలో పెట్టి కిందికి వెళ్లిపోయాడు. ఏం కొనడానికి వెళ్లాడని అడిగితే చెప్పలేకపోయాడు. వట్టి చేతులతో తిరిగొచ్చాడు.

మీరిద్దరూ ఆడుకున్నారనే అంటున్నారు. సరే. నేనూ అలాగే అంటాను.

ఇక్కడ అందరూ క్షేమం.

ఇట్లు
మీ తమ్ముడి భార్య

*

ఇల్లు
జూన్ 8

అమ్మాయ్,

నీ సంతకం చూశాక ఈ ఉత్తరం మూడుసార్లు మొదలుపెట్టాను. ఇది నాలుగోది. ఇందులో కొట్టివేతలుంటే ఉండనీ.

ఆడుకోలేదు. పరీక్ష చేశాను. కావాలని మొదలుపెట్టలేదు. కేకు క్రీము వేళ్లకి అంటగానే గువ్వ పదివేళ్లూ విడదీసి, చేతులు ఒంటికి తగలకుండా గాల్లో పెట్టుకుని నిలబడింది. ఏడవలేదు. అలా నిలబడింది, అంతే. నువ్వు నవ్వి తుడిచావు. నాకు నవ్వు రాలేదు.

బంతి కుడికి దొర్లిస్తే ఎడమ చెయ్యి అసలు కదలలేదు, ఒళ్లంతా తిప్పింది. అరచెయ్యి నొక్కితే లాక్కుంది. పీట మీద పక్కకి వంచితే, ఆ వయసు పిల్లలు టక్కున చెయ్యి నేలకి ఆనిస్తారు, గువ్వ ఆనించలేదు, సంచీలా ఒరిగింది. ఎత్తితే చేతుల్లోంచి జారిపోతున్నట్టుంది. భుజాల్లో బిగువు లేదు. ఒక్కోటి విడిగా చూస్తే ఏమీ కాదు. నాలుగూ కలిపి చూస్తే నాకు తెలుసు. తెలియకపోవడానికి వీల్లేదు, నేను బతికేదే దాని మీద.

నీకు చెప్పాలని వంటింట్లోకి వచ్చాను. నువ్వు గోడకి ఆనుకుని నిలబడి గ్లాసులు తుడుస్తున్నావు. అప్పటికి నీ కడుపు పోయి పది రోజులు. రెండు గ్లాసులు అందుకుని నేనూ తుడిచాను. తుడిచి వచ్చేశాను.

ఎవరికీ చెప్పలేదు. నా నిర్ణయమే, నా ఒక్కదానిదే. తర్వాత మీ ఇంటికి రావడం మానేశాను. వస్తే చూడాలి, చూస్తే చెప్పాలి. నువ్వు పిలిచినప్పుడల్లా నాకు పనుందన్నాను, నువ్వు నమ్మావు. మార్చిలో నువ్వు రాసిన కాగితం చదివి ఆశ్చర్యపోలేదు. జవాబులు తెలిసిన ప్రశ్నలే నీకు రాసి పంపాను.

క్షమించమని అడగను. ఆ మాట రాస్తే నాకేమైనా అనిపిస్తుందేమోనని రాసి చూశాను. ఏమీ అనిపించలేదు, కొట్టేశాను. పైన నల్లగా కనబడేది అదే.

వదిన

*

ఇల్లు, ముందు గది
జూలై 12

వదినా,

నెల రోజులు జవాబు రాయలేదు. మీ ఉత్తరం చదివి మడిచి బట్టల కింద పెట్టాను. మీ మీద కోపం తెచ్చుకోవడానికి రోజూ కాసేపు కూర్చున్నాను. రాలేదు. రెండు గ్లాసులు తుడిచారన్నది మాత్రం గుర్తొచ్చింది. అవును, తుడిచారు. వదిన ఎంత మంచిదో, చుట్టంలా కూర్చోలేదు అనుకున్నాను ఆ రోజు.

మొన్న ఆదివారం సంగతి రాస్తాను.

ఇంట్లో కూడా ఊయల కట్టమని నవ్వని అమ్మాయి చెప్పింది. గుడ్డ ఊయల, సంచీలాగా ఒళ్లంతా పట్టేసేది. మీ తమ్ముడు పనిలో వాడే కొక్కెం తెచ్చి, పొద్దున్నే ముందు గది కప్పుకి రంధ్రం వేసి బిగించాడు. పిల్లని కూర్చోబెట్టే ముందు బరువు ఆగుతుందో లేదో తనే చూడాలని ఊయలలోకి ఎక్కాడు. మోకాళ్లు గడ్డానికి తగులుతున్నాయి. గువ్వ ఒకటే నవ్వు. తర్వాత లోపలికెళ్లి బొమ్మలు తెచ్చుకోవడంలో పడింది. నేను మంచం మీద కూర్చుని లాండ్రీ నుంచి తెచ్చిన దుప్పట్లు మడతపెడుతున్నాను. మీ ఉత్తరం సంగతి మీ తమ్ముడికి చెప్పాను. అక్క అన్నీ ఒప్పుకుంది, తన ఒక్కదాని నిర్ణయమేనట అన్నాను.

తను ఊయల దిగలేదు. కాళ్లు నేలకి ఆనించి అలాగే కూర్చున్నాడు.

"అబద్ధం. ఆ రోజే నాకు చెప్పింది. కింద, బండి దగ్గర."

"ఏమని?"

"పిల్లని వెంటనే చూపించాలని. రేపే వెళ్దాం, నేనే మాట్లాడతానంది. నేను వద్దన్నాను. నీ ముందు ఈ మాట ఎత్తితే తన మొహం చూడనన్నాను."

"ఎందుకు?"

"నువ్వు మంచం దిగి పది రోజులు కాలేదు. రెండో దెబ్బ తట్టుకోలేవనుకున్నా."

"తర్వాత?"

"తర్వాత... నడుస్తోంది కదా, మాటలొస్తున్నాయి కదా అనుకున్నా."

"రెండున్నరేళ్లు అనుకున్నావా?"

"రోజూ అనుకున్నా."

నేను దుప్పటి మడత పూర్తి చేశాను. అంచులు సరిగ్గా కలవలేదు, విప్పి మళ్లీ పెట్టాను. తను "ఏదో ఒకటి అను" అన్నాడు. "దిగు, పిల్లొస్తోంది" అన్నాను.

ఆ రోజు నుంచి తను ముందు గదిలో పడుకుంటున్నాడు. నేను పొమ్మనలేదు, తనే వెళ్లాడు. పిల్లని మోసుకెళ్లడం మానేశాడు. మెట్ల మీద పక్కన నిలబడి చెయ్యి చాచకుండా ఎదురుచూస్తాడు. ఒక్కోసారి దిగడానికి పావుగంట పడుతుంది. పై ఇంటివాళ్లు వెనక ఆగిపోతారు.

మీరు తన తప్పు కూడా మీ మీద వేసుకున్నారు. తమ్ముడి కాపురం చెడకూడదని అయ్యుంటుంది. మీ అక్కాతమ్ముళ్లిద్దరూ నేనేదో గాజు బొమ్మనన్నట్టు చుట్టూ గుడ్డలు చుడుతూనే ఉన్నారు. నేను రోజుకి రెండొందల బట్టల మరకలు చూసే మనిషిని వదినా. ఏ మరక పోతుందో, ఏది పోదో కౌంటరు దగ్గరే మొహం మీద చెప్తాను. ఎవరూ చచ్చిపోలేదు.

రెండు మాటలున్నాయి. నేనూ మీ దగ్గర ఒకటి దాచాను. నాకు ఆరో నెల. మార్చిలో మీకు మొదటి ఉత్తరం రాసే రోజుకే తెలుసు. నిలుస్తుందో లేదోనని ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడిక దాస్తే దాగేది కాదు. ఆ వీడియో గురించి అంతలా అడిగింది గువ్వ కోసం మాత్రమే కాదు. పుట్టబోయే బిడ్డని చూసినప్పుడైనా నాకు చెప్పేవాళ్లెవరో తెలుసుకోవాలని.

రెండోది. రెండేళ్లప్పుడే మొదలుపెట్టి ఉంటే తేడా ఉండేదా? ఇక్కడి అమ్మాయిని అడిగితే "ఇప్పుడు బాగా చేస్తోంది కదమ్మా" అంది. నాకు అది అక్కర్లేదు. మీరు చెప్పండి.

మరదలు

*

సెంటర్, రెండో గది
జూలై 20

అమ్మాయ్,

ఉండేది.

మెట్లూ చెంచా ఏడాదిన్నర ముందే వచ్చేవి. చెవులు మూసుకోవడం తగ్గేది, దువ్వెన దగ్గర ఏడుపు తగ్గేది. స్కూల్లో మొదటి సంవత్సరం అంత భయంగా గడిచేది కాదు. నువ్వు చెయ్యి చేసుకునేదానివి కాదు. మొత్తం పోయేది కాదు. కొంత దానితోనే ఉండేది, ఇప్పుడూ ఉంటుంది. గువ్వ గువ్వలాగే ఉండేది. కానీ ఆ రెండున్నరేళ్లు దానికి ఇంత కష్టంగా ఉండాల్సిన పని లేదు. ఎంత తేడా అంటే కొలిచి చెప్పలేను. తేడా లేదని మాత్రం ఎవరన్నా నమ్మకు.

ఇంకొకటి. తమ్ముడు వద్దన్న మాట నిజమే. కానీ వాడి మీదికి నెట్టడానికి లేదు. వాడు లిఫ్టులు బాగుచేసే మనిషి, వాడికి తెలిసింది భయం ఒక్కటే. నాకు తెలిసిన సంగతి వేరు. బండి దగ్గర వాడు "వద్దక్కా" అన్నప్పుడు నాకు ఏమనిపించిందో ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. హాయి అనిపించింది. రోజుకి ఏడుగురు తల్లులకి చెప్తాను. వాళ్ల మొహాలు మారడం చూస్తాను, నీళ్ల గ్లాసు అందిస్తాను, కాగితం ఇస్తాను. ఎనిమిదో తల్లికి చెప్పక్కర్లేదని ఎవరో సెలవిచ్చినట్టయింది. ఆ హాయి కోసమే వాడి మాట విన్నాను. నా తప్పు అక్కడుంది.

చేతులు కడుక్కుంటే అన్నీ పోతాయని రాశాను కదా. ఆ పుట్టినరోజు తర్వాతే అలా అయింది. పనిలో లోటు రాలేదు, నన్నడిగితే ఇంకా బాగా చేస్తున్నాను. పిల్లలు నవ్వితే లెక్కలో రాసుకుంటాను, ఏడిస్తే లెక్కలో రాసుకుంటాను. మొద్దుబారిన చేత్తో కూడా పని జరుగుతుంది. ఇన్నాళ్లూ ఎవరూ కనిపెట్టలేదు.

నీ ఉత్తరం వచ్చాక నిన్న ఒక నాన్న అడిగాడు, "ఇంతకుముందే తీసుకొచ్చి ఉంటే?" అని. మామూలుగా అయితే "ఇప్పుడొచ్చారు, అదే చాలు" అంటాను. నిన్న అనలేకపోయాను. "బాగుండేది" అన్నాను. అతను "సరే, ఇప్పుడేం చెయ్యాలో చెప్పండి" అన్నాడు. చెప్పాను. సాయంత్రం సబ్బు పెట్టి చేతులు కడుక్కున్నా అతని మొహం పోలేదు. ఎన్నాళ్లయిందో అలా అయి.

ఆరో నెల అన్నావు. బరువులు ఎత్తకు, దుప్పట్లు వాణ్ణి మడతపెట్టమను. కోపం వచ్చినప్పుడు రానీ, నా మీద రానీ.

వదిన

*

ఇల్లు
అక్టోబరు 17

వదినా,

పదో తారీకున మగపిల్లాడు పుట్టాడు. మూడు కిలోలకి కాస్త తక్కువ. ఇద్దరం బాగానే ఉన్నాం. ఫోనులో మీ తమ్ముడు చెప్పాడట, మీరు "మంచిది" అని పెట్టేశారట. తనకి వెలితిగా అనిపించింది. నాకు అనిపించలేదు, మీ సంగతి తెలిసింది కదా ఇప్పుడు.

గువ్వని స్కూల్లో ఉంచుకున్నారు, కానీ అదే తరగతిలో ఇంకో ఏడాది. దానితోపాటు చేరినవాళ్లు పక్క గదికి వెళ్లారు. మధ్యాహ్నం కిటికీలోంచి వాళ్లని చూస్తుందని టీచరమ్మ చెప్పింది. సెంటర్‌కి వారానికి ఒకసారి చాలన్నారు. బొత్తాలు పెద్దవైతే పెట్టుకుంటోంది. మెట్లు దిగుతోంది, ప్రతి మెట్టు మీదా రెండు కాళ్లూ కలిపి ఆగి. తమ్ముణ్ణి తాకమంటే మేజోడు మీద మాత్రం వేలు పెడుతుంది. చర్మం మెత్తగా ఉంటుందట, బాగోదట.

మీ తమ్ముడు ఇంకా ముందు గదిలోనే. మాట్లాడుకుంటున్నాం. పిల్లల సంగతులు, సరుకులు, కరెంటు బిల్లు. ఆసుపత్రిలో నొప్పులప్పుడు నా చెయ్యి పట్టుకున్నాడు, పట్టుకోనిచ్చాను. ఇంటికొచ్చాక ఎవరి గదిలో వాళ్లం. నేను క్షమించానో లేదో అడుగుతాడేమోనని తనకీ భయం, నాకూ భయం.

కోపం వచ్చింది వదినా. పోయిన నెల లాండ్రీలో ఉండగా వచ్చింది. ఎవరిదో పసిపిల్ల గౌను, చీటీ కుట్టాలి. సూది గుచ్చలేకపోయాను. కౌంటరు కింద కూర్చుండిపోయాను. ఓనరమ్మ కంగారుపడి నీళ్లు తెచ్చింది. మిమ్మల్నీ, తననీ, ఇద్దర్నీ పేరుపేరునా తిట్టాను. ఓనరమ్మ అంతా విని, "తిట్లు భలే ఉన్నాయే, నీలో ఇంతుందనుకోలేదు" అంది. ఆవిడకి వివరం తెలియదు. మీకు తెలియాలని రాశాను.

మీరు రావాలి. సొంతవాళ్లని చూడకూడదన్న పద్ధతి పక్కన పెట్టండి, అది మీరు ఎందుకు రాశారో ఇద్దరికీ తెలుసు. పిల్లాణ్ణి చూడండి. ఏం కనబడినా, ఏమీ కనబడకపోయినా నాకు చెప్పండి. ముందు నాకే. నేను ఏడుస్తానేమో, పడిపోతానేమో, అది నేను చూసుకుంటాను.

మరదలు

*

మీ ఇల్లు, ముందు గది
నవంబరు 2, పదకొండు గంటలు

అమ్మాయ్,

నా బస్సు పన్నెండింటికి. నువ్వు ఇప్పుడే నిద్రపోయావు, లేపబుద్ధి కాలేదు. తమ్ముడు నన్ను దింపడానికి తయారై నిలబడ్డాడు. దారిలో వాడు అడిగినా ఏమీ చెప్పను. ఇది నీ దిండు పక్కన పెట్టి వెళ్తున్నాను, నువ్వు చదివాక వాడికి చెప్పేది నువ్వే.

పొద్దున నువ్వు పాలిచ్చాక బాబుని నలభై నిమిషాలు చూశాను. రెండు చేతులూ, రెండు కాళ్లూ ఒకేలా కదిలిస్తున్నాడు. ఎత్తితే ఒళ్లు బిగువుగానే ఉంది. అరచేతిలో వేలు పెడితే గట్టిగా పట్టుకుంటున్నాడు, రెండు పక్కలా. చప్పుడు చేస్తే ఉలిక్కిపడి మళ్లీ సర్దుకుంటున్నాడు. పాలు బాగా తాగుతున్నాడు.

ఒకటి కనబడింది. తల ఎడమ వైపుకే ఎక్కువ తిప్పి పడుకుంటున్నాడు. నేను కుడికి తిప్పితే తిరుగుతోంది గానీ కొంచెం బిగుసుకుంటోంది, వెంటనే వెనక్కి తెచ్చుకుంటున్నాడు. ఈ వయసు పిల్లల్లో ఇది తరచుగా ఉంటుంది, చాలామందికి వారాల్లో పోతుంది. నువ్వు చెయ్యాల్సింది: బాబు ఊయల తిప్పి పెట్టు, వెలుతురూ నీ గొంతూ కుడి వైపు నుంచి రావాలి. మెలకువగా ఉన్నప్పుడు రోజుకి నాలుగైదుసార్లు బోర్లా పడుకోబెట్టు, పక్కనే కూర్చో. మెడ బలవంతంగా తిప్పకు. పిల్లల డాక్టరుకి ఈ వారమే చూపించు, నేను రాసింది ఆయనకీ చూపించు. ఆరు వారాల్లో నేను మళ్లీ వచ్చి చూస్తాను, రోజు కూడా అనుకున్నాను, డిసెంబరు పద్నాలుగు.

గువ్వ నా పక్కన నిలబడి అంతా చూసింది. "అత్తా, తమ్ముడు పాడైపోయాడా?" అని అడిగింది. పాడవలేదు, మెడ కొంచెం గట్టిగా ఉంది, అమ్మకి చెప్తున్నాను అన్నాను. "రాసి చెప్తున్నావా?" అంది. అవునన్నాను. సరేనని వెళ్లిపోయింది.

ఇది రాయడానికి అరగంట పట్టింది. అరచేతులకి చెమట పట్టి కాగితం అంటుకుంటోంది, అక్కడక్కడ సిరా చెదిరింది, సర్దుకుని చదువుకో. నాకు కనబడింది ఇంతే. భయపడాల్సినది ఇప్పటికి ఏదీ కనబడలేదు. కనబడి ఉంటే ఇక్కడే రాసేదాన్ని.

వదిన